తాడు బిగిసిన తరువాతే

కాదు, ఇతడు కొండలరావు కాడు. గొంతు అతడిదే, అందులో సందేహం లేదు, అడుగున కాస్త ఇసుక రాసినట్టుండే ఆ గొంతును ఏ గుంపులోనైనా గుర్తుపట్టగలను; అయినా ఇతడు కొండలరావు కాడు, ఎందుకంటే నేను పాదం ముగించీ ముగించగానే ఇతడు అందుకుంటున్నాడు, బడిలో హాజరు పిలవగానే లేచి నిలబడే పిల్లవాడిలాగ, ఠంచనుగా, వినయంగా. కొండలరావు తన జన్మలో ఎన్నడూ ఠంచనుగా అందుకోలేదు. రైలు బందరు స్టేషను వదిలి ఇంకా చిలకలపూడి దాటలేదు, నేను ఈ పాటను మళ్ళీ మొదటినుంచి వింటున్నాను, చెవుల్లో ఈ తెల్లని ఇయర్‌ఫోను బొడిపెలు నాకు అలవాటు లేవు, అవి జారిపోతుంటే వేలితో నొక్కి పట్టుకున్నాను, ఎదుటి సీటులో కూర్చున్న పసిపాప తల్లి నాకు చెవిపోటు అనుకుందో ఏమో జాలిగా చూస్తోంది. చెవిపోటే, అమ్మా. యాభై ఏళ్ళ కిందటి మా పాటను ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి, నా ఫోనుకు పంపించారు. గుడివాడలో దిగేలోగా నేను ఔననో కాదనో తేల్చుకోవాలి. ఈ రైలు ఎంత నెమ్మదిగా నడిచినా అందుకు గంటకు మించి ఇవ్వదు.

పాటల విడుదల సభ ఈ సాయంత్రం, గుడివాడలో. హాలు ముందు బ్యానరు కట్టామని లోహిత్ ఉదయమే ఫొటో పంపాడు, అందులో ఇరవయ్యేళ్ళ నేను, శామ్యూల్ రాజ్, కొండలరావు, ముగ్గురమూ బెల్‌బాటమ్ ప్యాంట్లలో నవ్వుతున్నాము, పైన ‘హై టైడ్: బందరు కుర్రాళ్ళ తొలి రేడియో పాటలు’ అని. కుర్రాళ్ళు అన్న మాట నాకు నచ్చలేదు; యువకులు అనవలసింది. లోహిత్ మర్యాదస్తుడే. పాత రికార్డింగులు వెదికి, దుమ్ము దులిపి, లోకమంతా వినేటట్టు ఇంటర్నెట్టులో విడుదల చేసే ఒక సంస్థకు పనిచేస్తాడు, మా పాటలు దొరికినప్పుడు గుడివాడనుంచి బందరుకు బండి వేసుకొచ్చి నా కాళ్ళకు దండం కూడా పెట్టాడు. రేడియోవారి టేపులు ఎప్పుడో చెరిగిపోయాయి, చెరిపి మళ్ళీ వాడుకోవడం ఆ రోజుల్లో అన్నిచోట్లా మామూలే. మా పాటలు మిగలడానికి కారణం శామ్యూల్ రాజ్ మేనమామ, ప్రసారమవుతున్నప్పుడు రేడియో ముందు తన స్పూలు రికార్డరు పెట్టుకుని కూర్చున్న పాస్టరుగారు. విడుదలకు ముగ్గురి సమ్మతి కావాలన్నారు. శామ్యూల్ రాజ్ ఇచ్చాడు. కొండలరావు తరఫున అతడి చెల్లెలు పెద్దింట్లమ్మ ఇచ్చింది. మిగిలినది నేను. నిన్న లోహిత్‌తో ఫోనులో జరిగిన సంభాషణ ఈ రైలు చప్పుడులో కూడా నాకు స్పష్టంగా వినబడుతోంది.

“చాలా చిన్న కరెక్షనండి సార్. కోరస్‌లో ఆయన ప్రతిసారీ లేటొస్తున్నారు కదా, కంప్యూటర్లో కరెక్టుగా లైను మీదకి జరిపాం, అంతే. ఎవరికీ తెలీదండి.”

“నాకు తెలిసింది కదా.”

“మీరు పాడినవాళ్ళు కాబట్టి తెలిసింది సార్. కొత్తగా వినేవాళ్ళు వీళ్ళకి తాళం రాదనుకుంటారు. మా పైవాళ్ళు అలా వదలమంటే వదలరండి.”

“వదలకపోతే?”

“ఆగిపోద్దండి,” అని, “శామ్యూల్ అంకుల్ చాలా ఆశ పెట్టుకున్నారు సార్,” అన్నాడు. అది అతడు అనకుండా ఉండవలసిన మాట. నిజమైన మాట కాబట్టి.

చిలకలపూడి వెళ్ళిపోయింది. కిటికీ బయట నాట్లు వేసిన చేలు, నీళ్ళలో ఆకాశం, ఆకాశంలో నాటినట్టు పచ్చని పోచలు, పంటకాలువ రైలుతో పాటు కొంతదూరం వచ్చి, అలసినట్టు పక్కకు తిరిగింది. ఇప్పుడు తాళం తప్పు అన్నారు. లోగడ అరువు పాటలు అన్నారు. బ్యానరు కట్టకముందే ఒక విశ్రాంత ఆచార్యులవారు పత్రికలో సెలవిచ్చారు, పరాయివాళ్ళ పాటలు అనుకరించిన వాళ్ళకు చరిత్రలో చోటెందుకు అని, సొంతంగా ఒక్క పాట కట్టలేదు కదా అని. కట్టలేదు. ఒక్కటి కూడా కట్టలేదు. అందుకు నేను సిగ్గుపడను. సాయంత్రాలు సిలోను స్టేషను కోసం శామ్యూల్ ఇంట్లో వాల్వు రేడియో ముళ్ళు తిప్పి తిప్పి, తెరలు తెరలుగా వచ్చే ఆ ఇంగ్లీషు పాటలను పట్టుకుని, వారం వారం ఒక్కొక్క పాదం అతికించుకుంటూ నేర్చుకున్నాము. అక్కడెక్కడో జుట్టు పెంచుకున్న యువకులు తమ తాతల కాలపు పాటలకు ఎలక్ట్రిక్ గిటారు తగిలించి పాడుతున్నారు, ఇక్కడ మేము చర్చి గిటారుకూ డోలుకూ వాటిని తగిలించాము. ఉచ్చారణ బాధ్యత నాది. నాలుక పళ్ళమధ్య పెట్టి పలకవలసిన చోట పెట్టే పలకాలని నేను పట్టుబట్టేవాణ్ణి, శామ్యూల్ నవ్వేవాడు, “మనం పాడుతున్నామా, పళ్ళ డాక్టరు దగ్గరికొచ్చామా?” అని. తరువాత ముప్ఫై నాలుగేళ్ళు నేను కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను, అరువు భాష అని ఎవరూ నా జీతం ఆపలేదు. మనిషి పుట్టినప్పుడు ఒక్క మాటయినా సొంతంగా తెచ్చుకుంటాడా? అన్నీ ఎవరో ఒకరి నోటినుంచి తీసుకున్నవే. తీసుకున్నదాన్ని నువ్వు ఏ చేత్తో పట్టుకున్నావన్నదే ప్రశ్న.

పెడనలో బండి ఆగగానే అద్దకపు బట్టల మూటలు ముందు ఎక్కాయి, వాటి వెనుక మనుషులు ఎక్కారు, పెట్టె నిండా రంగు కరక్కాయ వాసన. ఆ మూటల మధ్యనుంచి పిచ్చేశ్వరరావు ప్రత్యక్షమయ్యాడు. చేనేత సంఘంలో పనిచేసి విరమించినవాడు, ఏ ఇంటి సంగతైనా ఆ ఇంటివాళ్ళకంటె ముందు తెలుసుకునేవాడు, నన్ను చూడగానే పక్కన కూలబడ్డాడు.

“ఏవండోయ్ మాస్టారూ! చెవిలో అవేంటండీ, మా మనవడిలాగా? ఏ సినిమా పాటలు?”

“మా పాటలే. కాలేజీ రోజుల్లో రేడియోలో పాడినవి.”

“మీరు పాడారా!” అని పెట్టెలో అందరికీ వినబడేలా అన్నాడు. “నలభయ్యేళ్ళ బట్టి చూస్తున్నాను, మీరు దగ్గడం కూడా గ్రామరు ప్రకారమే దగ్గుతారు. మీరు పాడారంటే నమ్మేదెట్టా?” అంటూనే నా చెవిలోని దాన్ని ఒకటి లాగి తన చెవిలో పెట్టుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు, మోకాలి మీద తాళం వేశాడు, మోకాలూ పాటా వెంట్రుకవాసి తేడా కూడా లేకుండా కలిశాయి. “శుభ్రంగా ఉందండీ! నిన్నగాక మొన్న తీసినట్టుంది. మీ బ్యాండు పేరేంటి, హై టైడా? సబ్బు కంపెనీ వాళ్ళు డబ్బులిచ్చారేంటి?”

నేను ఫోనులో రెండోది నొక్కాను. అదే పాట, దిద్దకముందు లోహిత్ పంపినది, ఇస్త్రీ చేయనిది. వెనుక చిటపటలు, ఎక్కడో పాస్టరుగారి ఇంట్లో గ్లాసు కిందపెట్టిన చప్పుడు, నా గొంతు, నా గొంతు తరువాత ఒక జాగా. పిచ్చేశ్వరరావు అరచేయి మోకాలి మీద పడింది, పాట పడలేదు. అతడి చేయి ఖాళీగా పడిన తరువాత కొండలరావు వచ్చాడు. మళ్ళీ అంతే. మళ్ళీ అంతే. పిచ్చేశ్వరరావు కళ్ళు తెరిచి, చేతిని అనుమానంగా చూసుకున్నాడు.

“ఇదేంటండీ, ఎవరో వెనకబడిపోతున్నాడు?”

“వెనుకబడటం లేదు,” అన్నాను. “లాగుతున్నాడు.”

“ఏంటి లాగేది?”

వల. ఆ మాట నేను పైకి అన్నానో లేదో నాకు గుర్తులేదు, అప్పటికే నా పాదాల కింద పెట్టె నేల మెత్తబడి, తడి ఇసుకై, వేళ్ళ సందుల్లోకి జారుతోంది. నాగాయలంక దాటి, పడవ మీద పాయ దాటి, అక్కడినుంచి మడచెట్ల మధ్య నడిచి నడిచి చేరిన కొండలరావు పల్లె. వేసవి సెలవులు, తెల్లవారుతోంది. సాధన చేసినంత కాలం అతడికీ నాకూ ఒకటే తగవు. నేను పెన్సిలుతో బల్లమీద నాలుగు దెబ్బలు కొడతాను, అయిదో దెబ్బకు అతడు అందుకోవాలి, అందుకోడు. “తాళం రాదా నీకు?” అంటే కోపగించుకోడు, బి.ఎస్సీ. చదువుతున్నవాడు, లెక్కల్లో నాకంటె చురుకైనవాడు, డోలు మీద చేయి వేసి నిదానంగా, “నువ్వు ఒకటీ రెండూ అని లెక్కెడతావు ధర్మారావూ, తాడుకి లెక్క రాదురా,” అనేవాడు. ఏ తాడు, ఎక్కడి తాడు అంటే, “రా, చూపిస్తా,” అని తీసుకుపోయాడు. పడవ అర్ధచంద్రంలా తిరిగి వల వదిలివచ్చింది, అలివి వల, ఊరంత వల, దాని రెండు కొసల తాళ్ళు ఒడ్డుకు వచ్చాయి, ఒక్కొక్క తాడు వెంట మగవాళ్ళూ ఆడవాళ్ళూ వరుసగా నిలబడ్డారు, మమ్మల్నీ నిలబెట్టారు. పాట ఎత్తేవాడు ఎత్తుతాడు. తాడు పట్టినవాళ్ళు బదులియ్యాలి. ఎత్తగానే నేను, చదువుకున్నవాణ్ణి కదా, వెంటనే బదులిచ్చాను, గొంతెత్తి, తాళం తప్పకుండా. ఒడ్డంతా నా ఒక్కడి గొంతే వినబడింది. మిగతా అందరూ మడమలు ఇసుకలో దిగేసి, నడుములు వెనక్కి వాల్చి లాగుతున్నారు, ఊపిరి బిగబట్టి ఉన్నారు, తాడు జానెడు ఒడ్డుకు వచ్చిన తరువాత ఆ బిగబట్టిన ఊపిరి పాటై బయటపడింది. పెద్దింట్లమ్మ అప్పుడు పన్నెండేళ్ళ పిల్ల, నా ముందు నిలబడి తాడు పట్టుకున్నది, వెనక్కి తిరిగి, “అన్నా, నీ దోస్తు పాడతన్నాడే గానీ లాగట్లేదు!” అని అరిచింది. ఒడ్డు ఒడ్డంతా నవ్వింది. “నోరు ముందొచ్చిందంటే చేతులు ఊరికే ఉన్నాయన్నమాట,” అన్నాడు కొండలరావు నా చెవిలో, “దొంగలాగుడు పట్టుకోడానికే మావోళ్ళకి పాట.”

నేను నవ్వులపాలయ్యానని నన్నెవరూ ఓదార్చనక్కరలేదు. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కేదాకా లాగాను, ఆ సాయంత్రం నేనే, ఎవరూ అడగకుండా నేనే, పెన్సిలు పక్కనపెట్టాను. ఎందుకంటే లాగుతున్నప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. మేము నేర్చుకుంటున్న ఇంగ్లీషు పాట ఓడలవాళ్ళ పాట. అది పుట్టింది తెరచాప తాడు దగ్గర. ఆ తాడు లాగినవాళ్ళు పోయారు, ఆ పాట రేవులు దాటి, ఊళ్ళు దాటి, రికార్డు కంపెనీలు దాటి గిటారు పట్టుకున్న యువకుల దాకా వచ్చేటప్పటికి తాడు ఎక్కడో జారిపోయింది, పాట ఒక్కటే మిగిలింది. సిలోనులో విన్న పాటలో ఎవరి చేతులూ ఏదీ పట్టుకుని లేవు. కొండలరావు దాన్ని తన పల్లెకు తీసుకువెళ్ళి తాడు మళ్ళీ కట్టాడు. అనుకరించాము అంటారా ఆచార్యులవారూ? పోగొట్టుకున్న వాళ్ళ సొత్తు వాళ్ళకు తిరిగి ఇచ్చాము. పాట మాది కాదు, ఒప్పుకుంటాను, ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా ఒప్పుకుంటాను. లాగడం మాది.

కవుతరంలో ఎవరో జామకాయల బుట్ట నా కాళ్ళ దగ్గర దించారు. పిచ్చేశ్వరరావు ఒకటి బేరమాడుతున్నాడు. నేను బెజవాడలో ఉన్నాను, రేడియో స్టూడియోలో, గోడలకు చిల్లుల అట్టలు, నడుమ ఒకే ఒక్క మైకు, దాని చుట్టూ ముగ్గురమూ, శామ్యూల్ దగ్గరగా, నేను అడుగు దూరంలో, కొండలరావు డోలుతో గోడవార, ఎర్రదీపం వెలిగిన తరువాత ఈగ కూడా వాలకూడదు. మొదటిసారి కోరస్ రాగానే దీపం ఆరిపోయింది. అద్దం వెనుకనుంచి అధికారిగారి గొంతు: “ఏమయ్యా, వెనకున్న అబ్బాయి లేటవుతున్నాడు.” మళ్ళీ మొదలుపెట్టాము, మళ్ళీ ఆరింది. “బాబూ, నీకు సైగ చెయ్యమంటావా?” కొండలరావు తల వంచుకున్నాడు. ఆ తల వంచుకోవడం నాకు ఇప్పటికీ కనబడుతోంది, లాగడం మానేసి ఠంచనుగా పాడేద్దామా అని నా వైపు చూడటం, నేను మైకు దగ్గరకు నడిచి, నా జీవితంలో అంత శుద్ధంగా మళ్ళీ ఎప్పుడూ పలకలేదేమో, “ఇట్ ఈజ్ నాట్ లేట్, సర్. ఇట్ ఈజ్ డెలిబరేట్,” అన్నాను.  అద్దం వెనుక నవ్వు. “సరే, మీ ఇష్టం. తిట్టే ఉత్తరాలొస్తే మీ అడ్రసుకే పంపిస్తా.” ఎర్రదీపం వెలిగింది. అదీ ఇప్పుడు నా చెవిలో ఉన్నది. ఎవరి పొరపాటూ కాదు. ముగ్గురు యువకులు ఒక అద్దం ఎదుట నిలబడి గెలుచుకున్న అర లిప్త.

నూజెళ్ళ దగ్గర బండి ఎందుకో ఆగింది, సిగ్నలు కాబోలు, చేలమీద నిశ్శబ్దం. డెబ్భై ఏడు నవంబరు ఉప్పెన సంగతి ఈ ప్రాంతంలో ఎవరికీ వివరించనక్కరలేదు. కొండలరావు అప్పటికి సొంత పల్లెలోనే బడిపంతులు. పెద్దింట్లమ్మను అవనిగడ్డలో అత్తవారింటికి పంపి వెనక్కి వెళ్ళాడు. దొరకలేదు. ఊరే లేదు, తాళ్ళు లేవు, తాళ్ళు పట్టుకునే వరుసలు లేవు. మిగిలినవి ఒక ఫొటో, ఒక స్పూలు, ఆ స్పూలులో నాలుగు ఇంగ్లీషు పాటలు. కడకు ఆ మనిషి ఈ భూమ్మీద మిగిలి ఉన్నది ఆ ఆలస్యంలోనే. గొంతు ఎవరికైనా ఉంటుంది. తాడు బిగిసేదాకా గొంతును ఆపి పట్టుకున్న ఆ జాగా ఒక్కటే అతడిది, దాన్ని తుడిచి మిగిలినదానికి అతడి పేరు పెట్టి బ్యానరు కట్టారు. పోయిన నెల ఫోనులో పెద్దింట్లమ్మ అన్న మాట నన్ను మెత్తబరచబోయింది, ఒప్పుకుంటాను: “ఏదోటి బాబుగారూ, అన్న గొంతు ఇంటే చాలు. బస్సెక్కి వొస్తా.” శామ్యూల్ కూడా అదే ధోరణి: “మనం ఇంకెన్నాళ్ళుంటాం ధర్మా, ఏదో ఒకటి వినిపించి పోదాం.” ఏదో ఒకటి! ఇద్దరూ ఆ మాటే. నేను జీవితమంతా ఏదో ఒకటి అన్న మాటతోనే పోట్లాడాను, విద్యార్థుల కాగితాలమీద ఎర్రసిరాతో, ఇంట్లో, పాలకవర్గంలో. చివరి పాఠం చెప్పవలసిన రోజున దానికే తలవంచమంటారా? ఆగిపోతే ఆగిపోనీ. లోకమంతా వినకపోతే వినకపోనీ. అవనిగడ్డనుంచి బస్సెక్కి వచ్చే ఆ ఒక్క మనిషి ఈ సాయంత్రం వినవలసింది తన అన్నను, తన అన్న గొంతు తొడుక్కున్న మరెవరినో కాదు. పాతపాట నా ఫోనులో ఉంది. హాలులో మైకు ఉంటుంది. అంతకంటె నాకేమీ అక్కరలేదు.

“మాస్టారూ, మొహం అంత ఎర్రబడిందేంటండీ? నీళ్ళు తాగండి,” అన్నాడు పిచ్చేశ్వరరావు. “ఎవరి మీదికైనా పోట్లాటకెళ్తున్నారా?”

“వెళ్తున్నాను.”

“అయితే నేనూ వస్తానండి. మీ పోట్లాట చూసి చాలా రోజులైంది.”

గుడివాడ ప్లాట్‌ఫారం మీద లోహిత్ శాలువాతో నిలబడి ఉన్నాడు. పక్కన బెంచీమీద శామ్యూల్ రాజ్, నన్ను తీసుకువెళ్ళడానికి తానూ వస్తానని పట్టుబట్టాడట, రెండు చేతులూ కర్రమీద మోపి, నాకంటె ముసలివాడిలా, కాని చొక్కా కాలరు మాత్రం ఆనాటిలాగే పైకి లేపుకుని.

“దండాలండి సార్,” అన్నాడు లోహిత్. “కారులో సంతకం పెట్టేద్దురుగాని, టైమవుతోంది.”

“పెట్టను. కొండలరావును మొదట ఉన్నచోటికి జరపండి, అప్పుడు పెడతాను. సభలో మాత్రం ఈ సాయంత్రం పాతదే వినిపిస్తాను. మీరు మైకు ఇవ్వకపోతే ఫోను చేత్తో ఎత్తిపట్టుకుంటాను.”

లోహిత్ శామ్యూల్ వైపు చూశాడు. శామ్యూల్ నిట్టూర్చాడు. “ఈ వయసులో కూడా మొండితనమేనా ధర్మా? వినేవాళ్ళకి అది తప్పుగానే వినబడుద్దిరా. నాకూ ఇప్పుడు అలాగే వినబడుతోంది, చెప్పొద్దూ.”

అతడితో వాదించలేదు. వాదించి ఒప్పించదగిన సంగతి కాదది. నేను బెంచీ ముందు నిలబడి, చేతిసంచి కింద పెట్టి, పాట ఎత్తాను. జనం ఆగి చూశారు, చూడనీ. గొంతు రెండుచోట్ల జీరపోయింది, పోనీ. నాలుక పళ్ళమధ్య పెట్టవలసిన చోట మాత్రం పెట్టాను. పాదం ముగిసింది. శామ్యూల్ బదులివ్వలేదు. లోహిత్ ఏదో అనబోయాడు, చేయెత్తి ఆపాను. శామ్యూల్ వేళ్ళు కర్రచుట్టూ బిగిశాయి. కర్ర అతడి వైపు వాలింది. కుడి భుజం వెనక్కి వెళ్ళింది, బూటు మడమ సిమెంటు నేలలో దిగడానికి ఇసుక వెదుక్కుంది, మెడలో నరం లేచింది, చూసేవాళ్ళు పాపం ముసలాయన పాట మరిచిపోయాడనుకున్నారు. అప్పుడు వచ్చింది గొంతు.

అతడు తన చేతుల వైపు చూసుకున్నాడు. లోహిత్ కూడా ఆ చేతులనే చూస్తున్నాడు, శాలువా ఒక కొస నేలమీద పడిన సంగతి కూడా ఎరగకుండా. 

“కొండలు గాడు,” అన్నాడు శామ్యూల్, మెల్లగా. తరువాత కర్రను రెండు చేతులతో సర్దుకుని పట్టుకుని, “మళ్ళీ ఎత్తు,” అన్నాడు.

“సార్, అందరూ వచ్చేశారంట, ఆవిడ కూడా వచ్చి కూర్చున్నారంట,” అన్నాడు లోహిత్. “లేటవుతోందండి.”

“కానివ్వండి,” అన్నాను, రెండో పాదం ఎత్తాను.